ఫోన్లు, పైసలు, కాగితాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నర్సంపేటలో మాకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. గిరాకీలు ఎక్కువమంది క్యూఆర్ స్కాన్ చేసే కడతారు. ఈ మధ్య మా ఖాతాలోంచి రూపాయి కూడా బయటికి పోవడం లేదు. బ్యాంకులో అడిగితే ‘సైబర్ క్రైమ్ వాళ్లు ఆపించారు, వేరే రాష్ట్రం పోలీసులు, మా చేతిలో ఏం లేదు’ అంటున్నారు. మేం చేసిన తప్పేంది? ఎవరిని అడగాలి?
– ఒక దుకాణదారు, నర్సంపేట

జవాబు: తప్పు చేయకున్నా ఇలా జరుగుతుంది. ఎక్కడో ఒకరు మోసపోయి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తారు. వాళ్ల డబ్బు ఒక ఖాతాలో పడి, అక్కడి నుంచి ఇంకో దాంట్లోకి, దాంట్లోంచి మరో నాలుగింటిలోకి పాకుతుంది. ఆ దారిలో ఉన్న ప్రతి ఖాతాకూ బ్యాంకులు అడ్డుకట్ట వేస్తాయి. ఆ డబ్బు చివరికి అందినవాడు మీ కౌంటర్ మీద స్కాన్ చేసి ఓ మందు డబ్బా కొన్నాడంటే మీ ఖాతా కూడా ఆ వరుసలో చేరినట్టే.

బ్యాంకులో నోటిమాటగా అడగొద్దు. ఒక దరఖాస్తు రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అందులో అడగాల్సినవి: ఆపింది మొత్తం ఖాతానా, లేక కొంత మొత్తాన్నేనా (దీన్ని బ్యాంకు భాషలో లీన్ అంటారు), ఫిర్యాదు అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, ఏ రాష్ట్రం, ఏ పోలీస్ స్టేషన్, వివాదంలో ఉన్న లావాదేవీ యూటీఆర్ (ఆ చెల్లింపు గుర్తింపు) నంబరు, తేదీ, మొత్తం. ఇవి చెప్పడానికి బ్యాంకుకు ఇబ్బంది ఏమీ ఉండదు. ‘మాకు తెలియదు’ అంటే ఆ మాటే రాతలో ఇమ్మనండి, సాధారణంగా వివరాలు బయటికి వస్తాయి.

యూటీఆర్ దొరికితే సగం పని అయినట్టే. యూపీఐలో అది 12 అంకెల నంబరు. మీ యాప్ హిస్టరీలో దాన్ని వెతికి, ఆ రోజు ఆ సమయానికి ఏం అమ్మారో బిల్లు పుస్తకంలో చూడండి. మీ వ్యాపారానికి ఇక్కడో సౌకర్యం ఉంది. యూరియా, డీఏపీ లాంటి సబ్సిడీ ఎరువులు పాస్ మెషీన్‌లో ఎక్కువగా కొన్నవారి ఆధార్‌తోనే అమ్ముతారు కాబట్టి ఆ స్లిప్పు గట్టి సాక్ష్యం. పురుగుమందైతే లైసెన్స్ నంబరున్న బిల్లు చూపాలి. దుకాణంలో కెమెరా ఉంటే ఇవాళే ఆ తేదీ వీడియో తీసి పెట్టుకోండి. చాలా డీవీఆర్‌లు (కెమెరా రికార్డర్లు) కొన్ని వారాలకే పాతది చెరిపి కొత్తది రాసుకుంటాయి. వీడియో కోసం మూడో నెలలో వెతికితే ఏమీ ఉండదు.

ఇవన్నీ జతచేసి దర్యాప్తు అధికారికి ఈమెయిల్ పంపండి. ఖాతా స్టేట్‌మెంటు, బిల్లు, దుకాణం లైసెన్స్, పాన్ పెట్టి రెండు విషయాలు అడగండి. ఒకటి, నో అబ్జెక్షన్ లేఖ. రెండు, అది వచ్చేదాకా వివాదంలో ఉన్న మొత్తం వరకే లీన్ ఉంచి మిగతా ఖాతాను వదలమని. రెండోది అడగడం చాలామందికి తెలియదు. ఐదు వందల కోసం ఐదు లక్షలు ఆపేయడం సరికాదన్న అర్థంలో కోర్టులు చెబుతూనే ఉన్నాయి. కేరళ హైకోర్టు 2023లో నిలుపుదలను వివాదాస్పద మొత్తానికే పరిమితం చేయాలని ఆదేశించింది. అక్కడి స్టేషన్ పలకకపోతే, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ప్రతి రాష్ట్రానికీ నోడల్ అధికారి, గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారి వివరాలు ఉంటాయి, వారికి రాయండి. అదీ కాకపోతే వకీలు ద్వారా కోర్టు తలుపు తట్టడమే.

చేయకూడనివి రెండున్నాయి. ‘ఆ డబ్బు నాదే, ఈ నంబరుకు తిప్పి పంపండి, కేసు తీసేయిస్తా’ అని ఫోన్ వస్తే పంపొద్దు. పంపితే డబ్బు ఇంకో చేతికి పోతుంది, లీన్ మాత్రం అట్లాగే ఉంటుంది. కమీషన్ తీసుకుని ఖాతా విడిపిస్తామనే ఏజెంట్లనూ దగ్గరికి రానివ్వొద్దు.

ఇక ముందు జాగ్రత్త. ‘అన్నా, ఫోన్‌పే కొడతా, రెండు వేలు క్యాష్ ఇయ్యి’ అని వచ్చే కొత్త ముఖానికి నగదు ఇవ్వడం మానండి. దుకాణాల ఖాతాలు చిక్కుకునే దారుల్లో ఇదే అన్నిటికన్నా చెడ్డది. సరుకు అమ్మితే బిల్లయినా ఉంటుంది, నగదు ఇస్తే చూపడానికి ఏమీ ఉండదు. క్యూఆర్‌కు విడిగా కరెంట్ ఖాతా పెట్టుకుని, ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజుల డబ్బును వేరే బ్యాంకులో ఉంచితే ఒకటి ఆగినా ఇల్లు గడుస్తుంది.

ప్రశ్న: మా అమ్మకు ఫోను రాదు. ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టి పైసలు తీసుకుంటది. పాస్‌బుక్ ఎక్కిస్తే తాను తీయని 10,000 పోయినట్టు ఉంది. ఓటీపీ రాలేదు, కార్డు లేదు. ఎట్ల పోయినయి? వేలిముద్రకు తాళం వేయొచ్చంటున్నారు, వేస్తే రేషన్ బియ్యం ఆగుతయా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: ఆధార్ ఆధారిత చెల్లింపుకు ఓటీపీ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. ఇలాంటి ఫిర్యాదుల వెనుక ఎక్కువగా రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది చాలా మామూలు మోసం: ‘సర్వర్ పడలేదు, ఇంకోసారి వేలు పెట్టమ్మా’ అని రెండుసార్లు తీసి ఒకసారి డబ్బే చేతిలో పెట్టడం. రెండోది కాపీ చేసిన వేలిముద్ర. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి భూమి రిజిస్ట్రేషన్ పత్రాల్లోని వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారు చేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేసినట్టు పోలీసులు బయటపెట్టారు. వేలిముద్ర పాస్‌వర్డ్ లాంటిది కాదు, పోతే మార్చుకోలేం.

ముందుగా 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అదే రోజు బ్యాంకు శాఖలో లిఖితంగా ఇవ్వండి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం తప్పు ఖాతాదారుదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగిందన్నప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెబితే ఖాతాదారు మీద భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే కొంత భారం పడుతుంది. చెప్పిన నాటి నుంచి పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో రాయొచ్చు, సందేహాలకు 14448. అమ్మ ఖాతాకు ఫోన్ నంబరు లేకపోతే ‘మెసేజ్ పంపాం, మీరే ఆలస్యంగా వచ్చారు’ అనే మాట బ్యాంకు నుంచి రాకుండా, మెసేజ్ అందలేదని దరఖాస్తులో స్పష్టంగా రాయండి.

తాళం సంగతి. మైఆధార్ వెబ్‌సైట్‌లో గానీ ఎంఆధార్ యాప్‌లో గానీ ఓటీపీతో లాగిన్ అయితే బయోమెట్రిక్ లాక్ కనిపిస్తుంది. ఆధార్ లాక్ అని ఇంకొకటి ఉంటుంది, అది నంబరుకు వేసే తాళం. మీకు కావాల్సింది బయోమెట్రిక్‌ది. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు మొబైల్ నంబరు జతై ఉండాలి. లేకుంటే అమ్మను ఆధార్ కేంద్రానికి తీసుకుపోయి చేర్పించండి, రుసుము 75 రూపాయలు. చేర్చేది మీ ఇంట్లో వాళ్ల నంబరు కావాలి, కేంద్రం నడిపేవారిదో బ్యాంకు మిత్రదో కాదు.

తాళం వేశాక వేలు, కంటిపాప, ముఖం ఏదీ పనిచేయదు. మెషీన్‌లో 330 అనే ఎర్రర్ వస్తుంది. రేషన్ డీలర్‌కు అది తెలియక ‘అమ్మా, నీ వేళ్లు అరిగిపోయినయ్’ అని పంపేస్తాడు. అందుకే రేషన్‌కు మీరే పోండి, కార్డులో పేరున్న ఎవరు వేలు పెట్టినా బియ్యం ఇస్తారు. అమ్మ తానే డబ్బు తీసుకోవాల్సిన రోజున బ్యాంకు మిత్ర దగ్గర నిలబడి తాత్కాలికంగా తెరవండి, పది నిమిషాల తర్వాత అదే మళ్లీ మూసుకుంటుంది. వరుసలో నంబరు రాకముందే తెరిస్తే పది నిమిషాలూ అయిపోతాయి, వేలు పెట్టే ముందే తెరవాలి.

ఇంకొకటి. అదే వెబ్‌సైట్‌లో గత ఆరు నెలల్లో ఆధార్ ఎప్పుడు, ఎట్లా వాడారో చరిత్ర దొరుకుతుంది. అది ప్రింట్ తీసి ఫిర్యాదుకు జతచేయండి. డబ్బు పోయిన రోజున రెండుసార్లు వేలిముద్ర పడిందా, ఒకేసారా, అసలు ఆ ఊళ్లోనే లేని రోజా అన్నది దాన్నిబట్టి తేలుతుంది. మిత్ర దగ్గర ప్రతిసారీ స్లిప్పు తీసుకునే అలవాటు చేయండి. ఖాతాలో తగ్గి చేతికి నగదు రాని లావాదేవీ ఐదు రోజుల్లో తిరిగి జమ కాకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2019 నుంచి ఉంది.

ప్రశ్న: ఈఏపీసెట్ కౌన్సెలింగ్, దోస్త్ (డిగ్రీ ప్రవేశాలు), స్కాలర్‌షిప్ అన్నీ నయీంనగర్‌లో ఒక నెట్ సెంటర్‌లోనే చేయించాను. మెమోలు, ఆధార్, కుల ధ్రువపత్రం అన్నీ వాళ్ల వాట్సాప్‌కు పంపాను. ఇప్పుడు భయమేస్తోంది. డిలీట్ చేస్తే సరిపోతుందా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: సరిపోదు. ‘అందరికీ డిలీట్’ సుమారు రెండు రోజులు దాటితే పనిచేయదు, పనిచేసినా వాళ్ల కంప్యూటర్‌లో దిగిన ఫైలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అట్లాగే ఉంటుంది. వెళ్లి మర్యాదగా అడిగి, మీ ముందే తీయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. రద్దీ లేని సాయంత్రం పోతే ఎవరూ కాదనరు.

అయితే మీ ఉత్తరంలో పత్రాల కన్నా ఎక్కువ భయపడాల్సింది వేరే ఉంది: దరఖాస్తుల్లో ఎవరి మొబైల్, ఎవరి ఈమెయిల్ ఉన్నాయి? త్వరగా పని కావాలని ఆపరేటర్లు తమ నంబరే కొట్టేస్తారు. పాస్‌వర్డ్, ఓటీపీ అన్నీ వాళ్లకే పోతాయి. వెబ్ ఆప్షన్ల గడువు చివరి రోజున లాగిన్ కాలేక ఏడ్చే పిల్లల్లో చాలామంది కథ ఇదే. ఈ రోజే ప్రతి పోర్టల్‌లో లాగిన్ అయి నంబరు చూసుకోండి, పాస్‌వర్డ్ మార్చండి. ఆప్షన్లు ఫ్రీజ్ చేశాక ప్రింట్ తీసుకుని, గడువు ముగిసే ముందు ఇంకోసారి మీ ఫోన్‌లోనే సరిచూడండి.

ఆ కంప్యూటర్‌లో మీ వాట్సాప్ తెరిచి ఉంటే ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌లోకి పోయి లాగవుట్ కొట్టండి. ఇకపై అక్కడ లాగిన్ కావాల్సి వస్తే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కి ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరవండి, పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని అడిగితే వద్దనండి. ఆధార్ అవసరమైన చోట, కుదిరితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు. ఫైలు తెరవడానికి పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా ‘ఫలానా కాలేజీ ప్రవేశానికి మాత్రమే’ అని తేదీతో రాయండి. కాలేజీ వాళ్లు మూతి ముడిచినా తీసుకుంటారు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 18,000 పెట్టి ఫోన్ తెప్పిస్తే డబ్బాలో బట్టల సబ్బు వచ్చింది. ‘మా రికార్డులో సరైన వస్తువే ఇచ్చినట్టు ఉంది’ అని రిటర్న్ తిరస్కరించారు. ముందే యూపీఐలో కట్టాను. ఇంక వదిలేయాల్సిందేనా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: వదలొద్దు. చాట్‌లో వాదించడం మాత్రం ఆపండి, ప్రతిసారీ కొత్త మనిషి వచ్చి అదే వాక్యం చెబుతాడు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి వేదికకూ గ్రీవెన్స్ అధికారి ఉండాలి, పేరు, వివరాలు సైట్‌లో కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల లోపు పరిష్కరించాలి. మీ మెయిల్‌లో ఆర్డర్ నంబరు, పార్సిల్ మీద ఉన్న లేబుల్ ఫోటో, డబ్బా ఆరువైపులా తీసిన ఫోటోలు, టేపు ఎట్లా ఉందో దగ్గరి నుంచి తీసింది పెట్టండి. లేబుల్ మీద బరువు ఉంటే ఆ సబ్బుతో కలిపి డబ్బాను కిరాణం కాటా మీద పెట్టి ఆ ఫోటో కూడా జతచేయండి. బిల్లులో ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబరు ఉంటే ఇంకా మేలు. ఆ ఫోన్ ఎక్కడో వాడకంలో ఉంటే పోలీసులు దాని ద్వారానే పట్టగలరు, అందుకే మీ స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వండి. డబ్బానూ సబ్బునూ పారేయకండి.

సమాంతరంగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి, వాట్సాప్‌లో అయితే 8800001915. ఇది కోర్టు కాదు, కంపెనీ మీద ఒత్తిడి పెట్టే మధ్యవర్తి. పెద్ద కంపెనీలతో గొడవ చాలాసార్లు ఇక్కడే తెగుతుంది. తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉన్న ఊరి కమిషన్‌లోనే వేయొచ్చు, కంపెనీ బెంగళూరులో ఉందని అక్కడికి పోనక్కర్లేదు. ఐదు లక్షల లోపు చెల్లింపుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. అమ్మిన వ్యాపారినీ, వేదికనూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే తప్పు రెండోవాడిదని తోసేస్తారు. 18,000తో పాటు తిరిగిన ఖర్చు, మనోవేదనకు పరిహారం విడివిడిగా అడగండి, కానీ లక్షలు రాసి కేసును పలచన చేయకండి.

ఖరీదైన వస్తువుకు ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే అదే ఎంచుకోండి, డబ్బా తెరిచి చూశాకే ఓటీపీ చెప్పాలి. అది లేకపోతే లేబుల్ కనిపించేలా మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా విప్పే వీడియో తీయాలి. కత్తిరించి అతికించిన వీడియోను ఎవరూ నమ్మరు. ఇంకో సంగతి, క్రెడిట్ కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి) అడగొచ్చు. యూపీఐలో ఒకసారి పిన్ కొట్టి కట్టాక అంత సులువు కాదు. పది వేలు దాటిన కొనుగోలుకు, కార్డు ఉన్నవాళ్లు కార్డే వాడడం మంచిదని మా అభిప్రాయం.

ప్రశ్న: మా తమ్ముడు వచ్చే నెల దుబాయ్ పోతున్నడు. ఇక్కడి సిమ్ నాయిన దగ్గర చిన్న ఫోన్‌లో పెట్టి ఓటీపీలు చెప్పించుకుంటా అంటున్నడు. సరేనా?
– ఒక పాఠకుడు, కోరుట్ల

జవాబు: అక్కడ పనిచేయదు, ఇక్కడ ప్రమాదం. యూపీఐ యాప్‌కు సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి. పైగా ఓటీపీ చెప్పడం అలవాటైన పెద్దాయనకు రేపు ‘బాపూ, నేనే’ అని ఎవరు ఫోన్ చేసినా చెప్పేస్తాడు.

సిమ్ తమ్ముడి వెంటే పోవాలి. పోయే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ పెట్టించి, మొబైల్ డేటా రోమింగ్ ఆపేయమనండి. కొత్త ఫోన్ కొనేది ఉంటే ఇక్కడే కొని యూపీఐ యాప్ ఇక్కడే రిజిస్టర్ చేయాలి. దానికి సిమ్ నుంచి మెసేజ్ బయటికి పోవాలి, విదేశంలో అది తరచూ మొరాయిస్తుంది. రీచార్జి వదిలేయొద్దు. 90 రోజులు వాడకం లేని నంబరును కంపెనీలు రద్దు చేయొచ్చు. ప్రీపెయిడ్‌లో కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు నడిపించాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం. రద్దయిన నంబరు కొన్నాళ్లకు వేరేవారికి పోతుంది. బ్యాంకులో అదే నంబరు ఉంటే మీ తమ్ముడి ఓటీపీలు ఆ కొత్త మనిషికి పోతాయి.

ఉద్యోగం కుదిరాక పొదుపు ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశంలో ఉండేవారి ఇక్కడి ఆదాయానికి ఖాతా) మార్పించాలి, జీతం పంపడానికి ఎన్ఆర్ఈ (అక్కడి సంపాదన దాచుకునే ఖాతా) తెరవాలి. ఈ రెండింటికీ యూఏఈ నంబరుతో కూడా యూపీఐ వస్తుంది. 2023 జనవరిలో మొదట అనుమతించిన 10 దేశాల్లో యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ ఉన్నాయి. కువైట్, బహ్రెయిన్ ఆ జాబితాలో లేవు. అక్కడికి పోయేవారు ఇక్కడి సిమ్‌ను మరింత జాగ్రత్తగా కాపాడుకోవాలి.

ప్రశ్న: ఒక్క రూపాయికి ట్రయల్ అని ఓ యాప్‌లో కట్టాను. యాప్ తీసేసినా నెలనెలా డబ్బు కోస్తున్నారు.
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: ఆ రూపాయితో మీరు ఆటోపేకు అనుమతి ఇచ్చారు. యాప్ తీసేస్తే అనుమతి పోదు. మీరు ఏ యూపీఐ యాప్‌లో పిన్ కొట్టారో అందులో ప్రొఫైల్‌లోకి పోయి, ఆటోపే తెరిచి, ఆ కంపెనీ పేరు మీద నొక్కి రద్దు చేసి పిన్ కొట్టండి. రద్దయినట్టు మెసేజ్ దాచుకోండి. కార్డుతో ఇచ్చి ఉంటే బ్యాంకు యాప్‌లో ఈ-మ్యాండేట్ల (ఆటోమేటిక్ కోతల అనుమతులు) దగ్గర చూడాలి. కోసే ముందు కనీసం 24 గంటల ముందుగా మెసేజ్ రావాలి. అది రాకుండా కోస్తే బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. చేరడం ఒక్క నొక్కుతో, మానడం పది తెరల వెనుక పెట్టే ఈ పద్ధతిని 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు నిషేధించాయి. తిరిగి ఇమ్మని అడిగేటప్పుడు ఆ మాట రాస్తే జవాబు వచ్చే అవకాశం పెరుగుతుంది.

ప్రశ్న: బట్టల షాపులో ఫోన్ నంబరు ఇవ్వకుంటే బిల్లు రాదంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, వరంగల్ చౌరస్తా

జవాబు: కాదు. నంబరు లేకుండానే బిల్లు వస్తుంది. నంబరు కోసం పట్టుపట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో వ్యాపారులకు సూచించింది. ‘కాగితం బిల్లు ఇవ్వండి’ అనండి. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదంటే పది సున్నాలు కొట్టి చూడమనండి.

ప్రశ్న: ‘ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని మెసేజ్. నిన్ననే బిల్లు కట్టాం!
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: మోసం. పది అంకెల మామూలు నంబరు నుంచి వచ్చింది చూడండి. ఫోన్ చేస్తే ఒక ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించేది) పంపి వేయించుకోమంటారు, అది మీ మెసేజ్‌లు చదువుతుంది. బకాయి ఉన్నా సరే, 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 56 ప్రకారం పదిహేను రోజుల లిఖిత నోటీసు లేకుండా కట్ చేయరాదు. అనుమానముంటే బిల్లు మీద ఉన్న యూఎస్‌సీ నంబరుతో టీజీఎన్‌పీడీసీఎల్ యాప్‌లో బకాయి చూసుకోండి, లేదా 1912కి ఫోన్ చేయండి. ఇప్పటికే ఆ ఫైలు వేసి ఉంటే ముందు మొబైల్ డేటా, వైఫై ఆపి, ఇంకో ఫోన్‌ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించి, ఆ తర్వాతే ఫైలు తీసేయండి.